లైబ్రరీలో కుక్క కనిపిస్తే సర్టిఫికెట్ అడగకండి

సంపాదకులకు నమస్కారం.

డాలస్ చుట్టుపక్కల ఏ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లినా శని, ఆదివారాల్లో పిల్లల సెక్షన్ నిండా మన తెలుగువాళ్లే కనిపిస్తారు. మనం అంతగా వాడుకుంటున్న చోటు కాబట్టే ఈ ఉత్తరం. "లోపలికి కుక్కని రానిచ్చారు, అడిగితే స్టాఫ్ పట్టించుకోలేదు" అని మనవాళ్లు ఫిర్యాదు చేయడం ఈ మధ్య తరచుగా వింటున్నాను. కొందరైతే ఆ కుక్కతో వచ్చిన మనిషి దగ్గరికే వెళ్లి "సర్టిఫికెట్ ఉందా?" అని అడుగుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

స్టాఫ్ ఊరుకుంటున్నది నిర్లక్ష్యంతో కాదు. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, ఇక్కడ ఏడీఏ అంటారు, దాని ప్రకారం ఆ కుక్క ఎందుకో చూడగానే తెలియనప్పుడు వాళ్లు రెండే ప్రశ్నలు అడగొచ్చు. వైకల్యం వల్ల అవసరమైన సర్వీస్ యానిమలేనా, అంటే ఆ మనిషికి సాయం చేయడానికి ట్రైనింగ్ ఇచ్చిన జంతువేనా? ఏ పని చేయడానికి ట్రైనింగ్ ఇచ్చారు? అంతే. మీకున్న జబ్బేంటని అడగకూడదు, కాగితాలు చూపించమనకూడదు, ఆ పని చేయించి చూపించమనకూడదు. కుక్కకి వెస్ట్, అంటే సర్వీస్ డాగ్ అని తెలిపే కోటు, తొడగాలన్న రూలు కూడా లేదు. ఆన్‌లైన్లో డబ్బు కట్టి తెచ్చుకునే కార్డులకి చట్టం దృష్టిలో విలువే లేదు.

"మనిషి బాగానే నడుస్తున్నాడు, కళ్లు కనిపిస్తున్నాయి, మరి కుక్కెందుకు" అంటారు. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంటే పసిగట్టి హెచ్చరించే కుక్కలున్నాయి, ఫిట్స్ వచ్చినప్పుడు మనిషిని కాపాడేవి ఉన్నాయి, యుద్ధం చూసి వచ్చిన సైనికుడికి పానిక్ ఎటాక్ వస్తే తగ్గించడానికి ట్రైనింగ్ తీసుకున్నవీ ఉన్నాయి. షుగర్ లేని ఇల్లు మనలోనే ఎన్ని ఉన్నాయి, పైకి చూస్తే ఏం తెలుస్తుంది?

అలాగని ఏ జంతువునైనా తీసుకురావచ్చని కాదు. 2011 మార్చి నుంచి సర్వీస్ యానిమల్ అంటే కుక్క మాత్రమే, పొట్టి జాతి గుర్రాలకి విడిగా ఒక నిబంధన ఉంది. పక్కనుంటే మనసుకి ధైర్యంగా ఉంటుందని పెంచుకునే ఎమోషనల్ సపోర్ట్ జంతువులు ఈ లెక్కలోకి రావు.

భయం సంగతి తేలిగ్గా తీసేయను. వీధికుక్కల మధ్య పెరిగినవాళ్లం, ముఖ్యంగా ఆర్నెల్ల కోసం వచ్చిన అమ్మానాన్నలు కుక్క కనబడగానే బిగుసుకుపోతారు. కానీ భయమనో, ఎలర్జీ అనో చెప్పి ఆ మనిషిని బయటికి పంపమనడం చట్టం ఒప్పుకోదు, దూరంగా వేరే చోటు చూపించమని స్టాఫ్‌ని అడగండి, చూపిస్తారు. కుక్క అదేపనిగా మొరుగుతున్నా, మీద పడుతున్నా యజమాని అదుపు చేయకపోతే, లేదా అది లోపల మలమూత్రాలతో పాడు చేస్తే మాత్రం వెంటనే చెప్పండి, అప్పుడు కుక్కని బయటికి పంపే హక్కు వాళ్లకుంది. ఆ మనిషి మాత్రం కుక్క లేకుండా ఉండి తన పని చూసుకోవచ్చు.

పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. కుక్కకి కథ చదివి వినిపించే ప్రోగ్రాములు చాలా లైబ్రరీల్లో జరుగుతాయి, 1999లో సాల్ట్ లేక్ సిటీలో మొదలైన పద్ధతి అది, పైకి చదవడానికి సిగ్గుపడే పిల్లలకి ఎంతో మంచిది. కానీ అక్కడికి వచ్చేవి థెరపీ డాగ్స్, అంటే అందరికీ ఊరట ఇవ్వడానికి తెచ్చే కుక్కలు, వాటిని నిమరొచ్చు. అది అలవాటైన పిల్లలు డ్యూటీలో ఉన్న కుక్క దగ్గరికీ అలాగే పరిగెడతారు. దాని ధ్యాస చెదిరితే ఇబ్బంది పడేది దాన్ని నమ్ముకున్న మనిషి. నిమరొద్దు, పిలవొద్దు, తినడానికి ఏమీ పెట్టొద్దు అని ఇంట్లోనే చెప్పి తీసుకెళ్లండి.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది పెంపుడు కుక్కకి వెస్ట్ తొడిగి సర్వీస్ డాగ్ అని అబద్ధం చెప్పడం. ఇక్కడివాళ్లని చూసి మనవాళ్లు కూడా మొదలుపెట్టారు. టెక్సస్‌లో 2023 సెప్టెంబర్ నుంచి దీనికి వెయ్యి డాలర్ల దాకా జరిమానా, దానికి తోడు 30 గంటల సమాజ సేవ. జరిమానా అటుంచండి, ట్రైనింగ్ లేని కుక్క ఎగబడితే నిజమైన గైడ్ డాగ్ బెదిరిపోయి ఇక ఆ పనికే పనికిరాకుండా పోవచ్చు, అప్పుడు చూపులేని ఒక మనిషి గడప దాటడానికే తోడు వెతుక్కోవాలి.

మీ ఎన్నారై పేజీలో ఆ రెండు ప్రశ్నల సంగతి ఒకసారి వేయండి. వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్లు విమానం ఎక్కకముందే చదువుకుంటారు.

– ఒక పాఠకురాలు, టెక్సస్