పాత గ్రాఫ్ కావాలా వద్దా అన్నది ముందు తేలాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఇలాంటివి రాసేవారే అరుదు కనుక వ్యాసకర్తకు ముందుగా అభినందనలు. అయితే గ్రాఫ్‌ల (నోడ్‌లనే బిందువులు, వాటిని జతపరిచే ఎడ్జ్‌లనే గీతలు) దగ్గరికి వచ్చేసరికి, సి ప్లస్ ప్లస్‌తో పోలిస్తే ఫంక్షనల్ భాష అయిన హాస్కెల్ బాగా నెమ్మది అని ఒక్క వాక్యంతో తేల్చేయడం సబబుగా లేదు. ఆ నెమ్మది ఎక్కడ పుడుతుందో, దానికి బదులుగా ఏం దక్కుతుందో ఆయన చెప్పలేదు.

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో సాధారణంగా ఒకసారి కట్టిన డేటాను చెరపరు. మార్పు కావాలంటే కొత్తది కడతారు, పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది. పది లక్షల నోడ్‌ల గ్రాఫ్‌లో ఒక్క ఎడ్జ్ చేర్చాలనుకుందాం. ఒక్కో నోడ్‌కు ఒక గడి, అందులో దాని పొరుగు నోడ్‌ల జాబితా ఉంటాయి. ఆ జాబితాకు ముందు ఇంకొకటి తగిలించడం తేలికే. చిక్కంతా ఆ జాబితా ఉన్న గడితోనే. మామూలు అరే (వరుసగా పేర్చిన గడుల పట్టిక) అయితే పది లక్షల గడులనూ కొత్తచోట తిరగరాయాలి. క్లోజర్ అనే ఫంక్షనల్ భాషలోని వెక్టర్ లాగా ఒక్కో కణుపుకు 32 కొమ్మలుండే చెట్టులో పెడితే నాలుగు అంతస్తుల్లోనే 10,48,576 గడులు ఇముడుతాయి కాబట్టి, వేరు నుంచి ఆ గడి దాకా ఉన్న నాలుగు కణుపులను, అంటే 128 గడులను తిరగరాస్తే చాలు. మిగతా చెట్టంతా పాత గ్రాఫూ కొత్త గ్రాఫూ పంచుకుంటాయి. కానీ చదివిన ప్రతిసారీ ఆ నాలుగు మెట్లూ దిగాల్సిందే. అరేలో ఒక్క అడుగు సరిపోయేది.

హాస్కెల్‌లో గ్రాఫ్‌ల కోసం ఉన్న డేటా.గ్రాఫ్ అనే లైబ్రరీ అరేనే నమ్ముకుంది. 1995లో డేవిడ్ కింగ్, జాన్ లాంచ్‌బరీ చూపిన దారి అది: చూసిన నోడ్‌లకు పెట్టే గుర్తులను లోపల మాత్రం చెరిపి రాయగల గడుల్లో ఉంచుతారు, బయటివారికి ఆ సంగతి తెలియదు. అందువల్ల డెప్త్ ఫస్ట్ సెర్చ్‌కు (ఒక దారిని చివరిదాకా వెళ్ళి చూశాకే వెనక్కి వచ్చే వెతుకులాటకు) పట్టే కాలం నోడ్‌లు, ఎడ్జ్‌ల మొత్తానికి అనులోమంగానే ఉంటుంది, సి ప్లస్ ప్లస్‌లో ఉన్నట్టే. వ్యాసకర్త తీర్పు దీనికి వర్తించదు.

మార్టిన్ ఎర్విగ్ 2001లో వివరించిన పద్ధతి వేరు. హాస్కెల్‌లోని ఎఫ్‌జీఎల్ అనే గ్రాఫ్ లైబ్రరీ దాని ఫలితమే. అందులో గ్రాఫ్ నుంచి ఒక నోడ్‌ను దాని ఎడ్జ్‌లతో సహా ఊడదీసి, మిగిలిన గ్రాఫ్‌ను చేతిలో పెడతారు. ఊడిన నోడ్ మళ్ళీ ఎదురుపడదు కనుక గుర్తులతో పనే లేదు. చదవడానికి ఇంత అందమైన కోడ్ నేను చూడలేదు. అయితే ఊడదీసినప్పుడల్లా పొరుగు నోడ్‌లన్నింటి పద్దులోనూ దాని పేరు కొట్టేయాలి, ఒక్కొక్కటీ చెట్టులో వెతికి మరీ. వేలాది ఎడ్జ్‌లున్న నోడ్ తగిలితే ఖర్చు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఏ ఫైలు ముందు కంపైల్ కావాలో తేల్చే చిన్న పనికి నేనూ దీన్నే వాడి, నడవడం మొదలుపెట్టాక టీ తాగి వచ్చేవాణ్ణి. గ్రాఫ్ ఒక్కసారి కట్టాక మారేదే కాదు. అరేకు మార్చాక కుర్చీలోంచి లేచే అవసరం రాలేదు. తప్పు భాషది కాదు, నాది.

ఆంద్రే మొఖోవ్ 2017లో ప్రతిపాదించిన బీజీయ గ్రాఫ్‌లది, అంటే గ్రాఫ్‌ను బీజగణిత సమాసంలా రాసే పద్ధతిది, మరో లెక్క. వెయ్యి నోడ్‌లను ప్రతి జంటకూ ఒక ఎడ్జ్ చొప్పున కలిపితే 4,99,500 ఎడ్జ్‌లవుతాయి. ఈ పద్ధతిలో ఆ గ్రాఫ్‌ను వెయ్యి పేర్లు, వాటిని కలిపే 999 గుర్తులతో రాసేయవచ్చు. కాకపోతే ఫలానా ఎడ్జ్ ఉందా అని అడిగితే ఆ సమాసమంతా తిరగేయవలసి రావచ్చు.

ఎడిటర్‌లో అన్‌డూ కోసమో, పలు దారులను పక్కపక్కనే ప్రయత్నించే వెతుకులాటలోనో పాత గ్రాఫ్ నిజంగా అవసరపడుతుంది. అలాంటి పనికి సి ప్లస్ ప్లస్‌లో గ్రాఫ్‌ను పూర్తిగా నకలు తీస్తూ పోతే ఎవరు నెమ్మదో పోల్చి చూడాలి. వ్యాసకర్త తన పోలికలో ఏ లైబ్రరీని వాడారో, గ్రాఫ్ మధ్యలో మారిందో లేదో వచ్చే భాగంలో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్