జీఎస్టీ పోర్టల్లో ఉన్న ఫోన్ నంబరు ఎవరిది?

తెనాలి

అమ్మలూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన లేబుల్ చూశాం. కంది పొడి డబ్బా మీద నాయనమ్మ పేరు పెట్టావని మీ అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం ముందు ఆ ఫుడ్ లైసెన్స్ నంబరు 14 అంకెలూ ఉన్నాయా లేవా అని లెక్కపెట్టాను. ముప్పై ఏళ్లు కొట్లో కూర్చున్నవాడి బుద్ధి అంతే. ఉన్నాయిలే.

ఫోన్లో నువ్వన్న ఒక్క మాటకి మాత్రం ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "జీఎస్టీ సంగతి ఆడిటర్ గారు చూసుకుంటారు నాన్నా, లాగిన్ కూడా ఆయన దగ్గరే ఉంది" అన్నావు. 2022లో నేనూ అచ్చంగా ఇదే మాట అనేవాణ్ణి. అప్పుడు నీకు పరీక్షలని, నా ఆపరేషన్ సంగతి తప్ప మిగతాది నీ చెవిన వేయలేదు.

ఆ జులైలో బైపాస్ అయ్యాక కొట్టు మూడు నెలలు మూసేశాం కదా. దసరా దాటాక మీ అమ్మ పూటకోసారి తెరిచేది. మనది మూడు నెలలకోసారి రిటర్న్, అంటే అమ్మకాల, పన్ను లెక్క, వేసే పద్ధతి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఒక్క మేకు అమ్మలేదు, అమ్మకం లేనప్పుడు పన్నేముంది, పన్ను లేనప్పుడు రిటర్న్ దేనికి అనుకున్నాను. తర్వాతి మూడు నెలలకి బిల్లులున్నాయి కానీ వాటిని ఆడిటర్ గారికి పంపాలన్న ధ్యాసే లేదు. నేను పంపుతానని ఆయన, ఆయన వేసేసి ఉంటారని నేను.

మార్చిలో ఒక బిల్డర్ దగ్గరికి వెళ్లాను. బైండింగ్ వైరు, మేకుల తాలూకు 1,80,000 రావాలి. ఆయన టీ చెప్పి, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. మన జీఎస్టీ నంబరు కొట్టి ఉంది. కొట్టు పేరు సరిగ్గానే ఉంది, అడ్రసూ సరిగ్గానే ఉంది, స్టేటస్ అన్నచోట 'క్యాన్సిల్డ్' అని ఉంది. "మీ బిల్లు మీద నాకు క్రెడిట్ రావట్లేదండీ, ఎలా ఇమ్మంటారు?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మనం రిటర్న్ వేస్తేనే, మనకిచ్చిన పన్ను ఆయన లెక్కలో కనబడి, ఆయన కట్టాల్సిన పన్నులోంచి తగ్గేది. ఆ టీ తాగానో లేదో నాకిప్పటికీ గుర్తు లేదు.

మూడు నెలలకోసారి వేసేవాళ్లు వరుసగా రెండుసార్లు ఎగ్గొడితే నంబరు రద్దు చేయొచ్చట. నెలనెలా వేసేవాళ్లకైతే ఆరు నెలలు. చెప్పాపెట్టకుండా ఏం చేయరు, ముందు నోటీసు ఇస్తారు, జవాబుకి 7 పనిదినాలు ఇస్తారు. మనకీ ఇచ్చారు. వెళ్లింది ఆడిటర్ గారి మెయిల్‌కి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అందరిదీ హడావిడే, కాగితాలన్నీ ఆయన చేతిలో పెట్టాను, ఆయన తన ఫోనూ తన మెయిలూ ఇచ్చి పని కానిచ్చాడు. అలాంటి కొట్లు ఆయన దగ్గర ఎన్నో. ఆ మెయిళ్ల గుట్టలో మన నోటీసు తెరిచినవాడు లేడు.

రద్దు ఉత్తర్వు వచ్చిన 23వ రోజున నాకు తెలిసింది. నంబరు మళ్లీ ఇవ్వమని అడగడానికి అప్పట్లో గడువు 30 రోజులే. (ఇప్పుడు 90 చేశారు.) పాత రిటర్నులన్నీ వేసి, లేటు ఫీజు కట్టాకే అడగాలి. సున్నా రిటర్న్‌కి రోజుకి 20, అమ్మకం ఉన్నదానికి 50. ఒక్కో రిటర్న్‌కి ఆ ఫీజు ఇంతకు మించకూడదని హద్దు ఉండబట్టి మొత్తం 2,500తో పోయింది, పన్ను మీద 18 శాతం లెక్కన వడ్డీ వేరే. డబ్బు పెద్దదేం కాదు. కానీ నంబరు తిరిగొచ్చేదాకా పన్ను బిల్లు రాయకూడదు, ఆ బిల్డరు బాకీ రెండు నెలలు ఆగింది, ఊళ్లో ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు పక్క కొట్టుకి అలవాటు పడ్డారు. వాళ్లలో ఒకడు ఇప్పటికీ రాడు.

జీఎస్టీకి ముందు వ్యాట్ రోజుల్లో రిటర్న్ కోసం వ్యాట్ 200 ఫారం పట్టుకుని 20వ తేదీకల్లా సీటీఓ (వాణిజ్య పన్నుల అధికారి) ఆఫీసుకి నేనే వెళ్లేవాణ్ణి. ముద్ర కొట్టిన కాపీ జేబులో పెట్టుకుంటే మనసు నెమ్మదించేది. ఇప్పుడు ముద్ర లేదు, క్యూ లేదు, అందుకే వేశారో లేదో కూడా తెలియదు. పని ఆడిటర్ గారినే చేయనీ, ఆయన మీద నాకు అనుమానం లేదు. రిజిస్ట్రేషన్‌లో ఫోనూ మెయిలూ మాత్రం నీవి ఉండాలి. లాగిన్ ఉంటే మార్చడం తేలికే, ఓటీపీతో అయిపోతుంది. లాగిన్ చేతికి రాకపోతే మన పరిధి జీఎస్టీ ఆఫీసరుకి ఆధారాలు చూపించి మార్పించుకోవాలి, నేను అలాగే చేయించుకున్నాను.

నీ నంబరు ఉంటే ఇంకో సుఖం. అమ్మకం లేనప్పుడు సున్నా రిటర్న్ 14409కి ఒక్క ఎస్ఎమ్మెస్‌తో అయిపోతుంది, కాకపోతే ఆ రిజిస్టరైన ఫోన్ నుంచే పోవాలి. నువ్వు పురిటికి వచ్చినప్పుడు పొయ్యి వెలిగించవు కదా, అప్పుడు పనికొస్తుంది. నీదీ మూడు నెలల పద్ధతే కాబట్టి, అది ముగిశాక తర్వాతి నెల 13కి జీఎస్టీఆర్-1 (అమ్మకం బిల్లుల లెక్క), 22కి 3బీ (పన్ను కట్టే రిటర్న్). మధ్య నెలల్లో పన్ను ఉంటే, ఆ పై నెల 25లోగా కట్టాలి. క్యాలెండర్ మీద పాలవాడి లెక్క పక్కనే రాసుకో.

ఏడాది అమ్మకం 40 లక్షలు దాటకపోతే నంబరే అక్కర్లేదట, వదిలేసుకోనా అని అడిగావు. ఆ 40 మన ఆంధ్రాలో. నువ్వున్న కూకట్‌పల్లి తెలంగాణ, అక్కడ 20. అయినా నీ డబ్బాలు బెజవాడకీ బెంగళూరుకీ పోతున్నాయి కదా, సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే మొదటి రూపాయి నుంచే నంబరు ఉండాలి. వదిలేసుకున్నా ఊరికే పోదు, 3 నెలల్లో చివరి రిటర్న్ అని ఇంకోటి వేయాలి.

మిగతావి ఆడిటర్ గారు చెప్పేవే, వృత్తి పన్ను, ట్రేడ్ లైసెన్స్ వగైరా. వృత్తి పన్ను ఎంత వేసినా ఏడాదికి 2,500 దాటదు, రాజ్యాంగంలోనే హద్దు రాశారు. ఆయన చెప్పనిది ఒకటుంది. వీడియోలో నువ్వు పొడి తూస్తున్నది ఆన్‌లైన్లో కొన్న వంటింటి కాటా. ఇంట్లో పిండికి సరే, అమ్మకానికి పనికిరాదు. తూనికలు కొలతల వాళ్ల ముద్ర ఉన్న కాటా కొనుక్కో, ఏటా మళ్లీ ముద్ర వేయించు. మన కొట్లో కాటాకి వెనక సీసం ముద్ర ఉంటుంది చూడు, చిన్నప్పుడు గోటితో గీకుతుంటే నీ చేతి మీద ఒకటి వేశాను. అందుకే.

ఆదివారం పదింటికి ఫోన్ చేస్తాను. ఆడిటర్ గారిని అడిగి లాగిన్ తీసుకుని ఉండు, ఆ పేజీలో ఏ నంబరుందో నాకు చదివి వినిపించు. అమ్మ గోంగూర, నాలుగు కిలోల ఎండుమిర్చి బస్సులో వేసింది. అల్లుడుగారిని పొద్దున్నే వెళ్లి తెచ్చుకోమను.

నాన్న