సెప్టెంబర్ 30 దాటితే పోయే గ్రీన్‌కార్డులు

సంపాదకుడు గారికి,

అమెరికా గ్రీన్‌కార్డు ఆలస్యం అనగానే అందరూ ఒక్కో దేశానికి మొత్తంలో 7 శాతమే అన్న పరిమితినే తిడతారు. అది మారాలంటే అక్కడి కాంగ్రెస్ చట్టం చేయాలి. కానీ ఉన్న గ్రీన్‌కార్డు నంబర్లే ఇమిగ్రేషన్ ఆఫీసు జాప్యంతో మురిగిపోతున్నాయి. దాన్ని ఆపడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఉద్యోగ కోటా మామూలుగా ఏడాదికి 1,40,000. జీవిత భాగస్వామి, పిల్లలు కూడా అందులోనే లెక్క. అమెరికా ఆర్థిక సంవత్సరం ముగిసే సెప్టెంబర్ 30లోగా ఇవ్వని నంబరు మరుసటి ఏడాది ఉద్యోగ కోటాకు రాదు. 2020లో కాన్సులేట్లు మూతపడి మిగిలిన కుటుంబ కోటా కలవడంతో, 2021 ఆర్థిక సంవత్సరానికి ఉద్యోగ కోటా 2,62,288కి పెరిగింది. భారతీయులే లక్షల్లో వరుసలో ఉండగా, అందులో 66 వేలకు పైగా వాడకుండా పోయాయి. ఇంత అన్యాయం మరొకటి లేదు.

ఫైలు తరచూ రెండు కాగితాల దగ్గర ఆగుతుంది. మొదటిది మెడికల్, అంటే వైద్య పరీక్ష ఫారం ఐ-693. 2024 డిసెంబర్ 2 నుంచి దీన్ని గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485తో పాటే ఇవ్వాలి, లేకపోతే దరఖాస్తు తిరస్కరించవచ్చు. సివిల్ సర్జన్ (ఈ పరీక్షకు ఇమిగ్రేషన్ శాఖ అనుమతించిన డాక్టరు) సీలు వేసిన కవరు విప్పకూడదు.

మనవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది జనన ధ్రువపత్రం. బిడ్డ పేరు లేనివి, ఇంటిపేరు ఒక్క అక్షరంగా మిగిలినవి, పుట్టిన ఎన్నో ఏళ్లకు నమోదైనవి అనుమానానికి తావిస్తాయి. వాటికి పదో తరగతి మెమో, పుట్టుక గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు జతచేయడం మేలు. రికార్డే లేకపోతే, లేదని మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి ముందుగా పత్రం తీసుకోవాలి. ఆ పత్రం లేకుండా అఫిడవిట్లు మాత్రమే పెడితే ఆర్‌ఎఫ్‌ఈ, అంటే మరిన్ని ఆధారాలు పంపమనే నోటీసు, వచ్చే అవకాశం ఎక్కువ.

ఆర్‌ఎఫ్‌ఈకి జవాబిచ్చే గడువు గరిష్ఠంగా 84 రోజులు, పొడిగింపు లేదు. అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. అది జులై చివర్లో వచ్చిందంటే జవాబు వెళ్లి, అధికారి చూసేసరికి సెప్టెంబర్ దాటిపోవచ్చు. అప్పటికే ఆ ఫైలు చాలాసార్లు ఏడాదికి పైగా ఇమిగ్రేషన్ శాఖ దగ్గరే ఉంటుంది! దరఖాస్తు అందిన మొదటి నెలల్లోనే కాగితాలు సరిచూసి, లోటుంటే అప్పుడే అడిగితే, ప్రయారిటీ డేట్ (వరుసలో చోటు చెప్పే తేదీ) కరెంట్ అయిన రోజున, అంటే వంతు వచ్చిన రోజున, సంతకం మాత్రమే మిగులుతుంది.

నంబరు వృథా అయిన కొద్దీ వరుస మెల్లగా కదులుతుంది. దాని దెబ్బ పిల్లల మీదా పడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి వేసిన దరఖాస్తుల్లో పిల్లల వయసును మళ్లీ ఫైనల్ యాక్షన్ డేట్ (గ్రీన్‌కార్డు నిజంగా ఇవ్వగలిగే తేదీ) ప్రకారమే లెక్కిస్తున్నారు. ఐ-140 (సాధారణంగా యజమాని వేసే పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేశాక కూడా 21 నిండితే ఆ బిడ్డ తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి బయటికి వెళ్లాల్సిందే. అక్కడి తెలుగు సంఘాలు తమ కాంగ్రెస్ సభ్యులను అడగాల్సింది ఒకటుంది: ఆ ఏడాది ఇంకా ఎన్ని నంబర్లు మిగిలాయో ఇమిగ్రేషన్ శాఖ ఏప్రిల్ నుంచి ప్రతి నెలా ప్రకటించాలి. సెప్టెంబర్‌లో తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు.

మీ పాఠకుడు