కాజీపేట తమ్ముడికి, మా కష్టకాలంలో తోడు నిలిచినవాళ్లకు కృతజ్ఞతలు

ఈ నాలుగు మాటలు పది రోజుల కిందటే రాయాల్సింది. చేతిలో ఉన్న మూడు పెళ్లిళ్ల పని అప్పజెప్పి ఇప్పుడే తీరిగ్గా కూర్చున్నాను.

మాది హనుమకొండలో చిన్న ఫొటో స్టూడియో. మా ఆయన షూటింగ్‌లకు వెళ్తారు, ఎడిటింగ్ అంతా కాజీపేటలో మా ఇంట్లోనే నేను చేస్తాను. ముందు గదిలో కంప్యూటర్, అందులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 12 జీబీది. మా ఇల్లు గడిచేది దాని మీదే. వైశాఖంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. పని తొందరగా అవుతుందన్న ఆశతో ఒక వీడియోలో చూసిన అంకెలు అలాగే పెట్టేశాను. కార్డు వేగాన్ని మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్ క్లాక్, అంటే చిప్ పనిచేసే వేగం, ప్లస్ 200, కార్డు మెమరీ వేగం ప్లస్ 1200. తెల్లవారి ఆరింటికి ఒక బెంచ్‌మార్క్, అంటే కార్డుకు పని పెట్టి స్కోరు ఇచ్చే పరీక్ష, ఐదు నిమిషాలు నడిపితే ఏ గొడవా లేదు. సరిపోయింది అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం పరకాల వాళ్ల పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ చేశాను, అంటే ఎడిట్ చేసిందంతా ఒక పూర్తి వీడియోగా తీశాను. తలంబ్రాల దగ్గర పెళ్లికూతురు ముఖం మీద ఆకుపచ్చ గళ్లు. రెండు ఫ్రేములే, కానీ కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే తలంబ్రాలు బాగానే వచ్చాయి, గళ్లు అప్పగింతల దగ్గరికి వెళ్లాయి. మూడోసారి సగంలోనే స్క్రీన్ నల్లబడి, తిరిగి వచ్చేసరికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. ఒక షాపుకు తీసుకెళ్తే విప్పి చూడకుండానే చిప్ పోయిందన్నారు, కొత్త కార్డు కొనుక్కోమన్నారు. ఆ రాత్రి మా ఆయనా నేనూ అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్ద తినలేదు. ఆ నెలలో కొత్త కార్డు కొనే స్తోమత మాకు లేదు.

మా వెనక వీధిలో బీటెక్ చదివే తమ్ముడు ఉన్నాడు. వాళ్లమ్మగారితో నాకు కూరగాయల బండి దగ్గర పరిచయం, అంతే. ఆవిడతో మాటల్లో చెప్పుకున్నాను. సాయంత్రానికి ఆ అబ్బాయే ఇంటికి వచ్చాడు. "అక్కా, పరేషాన్ కాకు. గళ్లు ప్రతిసారీ ఒకే చోట వస్తున్నాయా, చోటు మారుతున్నదా?" అని అడిగాడు. మారుతున్నాయన్నాను. "అయితే కెమెరా ఫుటేజీలో తప్పు లేదు. కార్డు లెక్క తప్పుతున్నది. ఎందుకు తప్పుతున్నదో చూద్దాం" అన్నాడు. అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

ముందు ఆఫ్టర్‌బర్నర్‌లో రీసెట్ నొక్కి అన్నీ కంపెనీ సెట్టింగ్‌కు తెచ్చాడు. అదే వీడియోను రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ చేయించాడు. రెండుసార్లూ శుభ్రంగా వచ్చింది. కార్డు బతికే ఉందని ఆ రాత్రే తెలిసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి, స్క్రీన్ నల్లబడిన సమయానికి పడ్డ 4101 నంబరు నమోదు కూడా చూపించాడు. గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ తనే డ్రైవర్‌ను, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, మళ్లీ మొదలుపెడుతుందట. స్క్రీన్ నల్లబడి తిరిగి రావడం అదేనన్నమాట.

మర్నాడు ఆదివారం. బ్లోయర్ తెచ్చి క్యాబినెట్ విప్పాడు. గాలి కొడుతున్నప్పుడు కార్డు ఫ్యాన్లు గిర్రున తిరగకుండా రెక్కలను వేలితో పట్టుకోమన్నాడు, లేకపోతే బేరింగులు దెబ్బతింటాయన్నాడు. దుమ్ము ఎంత వచ్చిందో చెప్పలేను. కార్డుకు వెళ్లే పవర్ ప్లగ్ పూర్తిగా కూర్చోలేదు, క్లిక్‌మనేదాకా నొక్కాడు. ఆ తర్వాత గోడ వైపు చూసి ఆగిపోయాడు. కంప్యూటర్, గదిలో ఉన్న ఎయిర్ కూలర్, రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఉన్నాయి. కూలర్ మోటార్ మొదలైనప్పుడల్లా కరెంటు ఒక్క క్షణం కిందికి పడుతుంది, ఇలా ఉంటే ఏ పరీక్షనూ నమ్మలేమన్నాడు. మా వాడకట్టు ఎలక్ట్రీషియన్ అన్న ఆదివారమని చూడకుండా వచ్చి కంప్యూటర్‌కు వేరే లైను లాగాడు. ఆయనకూ ఇక్కడే చేతులెత్తి నమస్కారం.

దుమ్ము దులిపాక పూర్తి లోడ్‌లో 79 డిగ్రీలుండే కార్డు 71కి దిగింది. ఇక అసలు పని అన్నాడు తమ్ముడు.

ఓవర్‌క్లాకింగ్, అంటే కార్డును కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపడం, ఉత్త స్లైడర్ జరపడమే అనుకున్నాను నేను. ఆ అబ్బాయి నాలుగు రోజులు నా పక్కన కూర్చుని నేర్పింది వేరు. మెమరీని ముట్టకుండా కోర్ ఒక్కటే పెంచాలి, అదీ 15 మెగాహెర్ట్జ్ చొప్పున. ప్రతి మెట్టు దగ్గర సూపర్‌పొజిషన్ అనే బెంచ్‌మార్క్ పది నిమిషాలు నడిపి కళ్లు ఆర్పకుండా చూడాలి. చుక్కలు, గీతలు, ఒక్క మెరుపు కనిపించినా రెండు మెట్లు వెనక్కి రావాలి. కోర్ సంగతి తేలాక దాన్ని మళ్లీ సున్నాకు తెచ్చి, మెమరీని విడిగా పరీక్షించాలి. రెండూ ఒకేసారి పెంచితే తప్పు ఎవరిదో తెలియదు. నేను చేసింది సరిగ్గా అదే.

మెమరీ విషయంలో ఇంకో మెలిక ఉంది, అందరికీ తెలియాలని రాస్తున్నాను. మెమరీ ఎక్కువైతే వెంటనే క్రాష్ కానక్కర్లేదు. డేటా చేరవేతలో తప్పు దొర్లితే పసిగట్టి మళ్లీ పంపుకునే ఏర్పాటు ఈ కార్డుల్లో ఉంటుంది. అలా పంపుకోవడానికే సమయం పోతుంది కాబట్టి క్లాక్ పెరుగుతున్నా స్కోరు తగ్గుతుంది. నా కార్డులో ప్లస్ 600 దాకా స్కోరు పెరిగింది, 800 దగ్గర ఆగిపోయింది, 1000 పెడితే పడిపోయింది. నేను పెట్టిన 1200 ఎంత అన్యాయమో ఆ కాగితం మీద అంకెలు చూశాక అర్థమైంది. అన్నీ నా చేతనే రాయించాడు, తను ఒక్క అంకె కూడా రాయలేదు.

పరీక్ష ఎప్పుడు పెట్టాలన్నది నాకు అన్నిటికన్నా పెద్ద పాఠం. "నువ్వు పొద్దున ఆరింటికి పరీక్ష పెట్టి మధ్యాహ్నం పని చేసుకుంటున్నావక్కా" అన్నాడు. ఓరుగల్లు ఎండ సంగతి మనకు తెలియనిదా! మేలో 43 డిగ్రీలు దాటిన రోజు మా ముందు గది ఎలా ఉంటుందో నాకు తెలుసు. గది పది డిగ్రీలు వేడెక్కితే కార్డూ దాదాపు అంతే వేడెక్కుతుంది. వేడి పెరిగితే కార్డు తన క్లాక్‌ను కొంత తగ్గించుకుంటుంది, అయినా చల్లగా ఉన్నప్పుడు నిలబడ్డ సెట్టింగ్ వేడిలో నిలబడుతుందన్న నమ్మకం లేదు. అందుకే ఆఖరి పరీక్షలన్నీ మధ్యాహ్నం మూడింటికే పెట్టించాడు. కాలేజీ నుంచి ఎండలో బండి మీద వచ్చేవాడు. మజ్జిగ ఇస్తే తాగేవాడు, అంతకుమించి ఏదీ ముట్టలేదు.

ఒక్క పరీక్షతో ఆగలేదు. కార్డు మీద ఆగకుండా బరువు పెట్టే 3డీమార్క్ టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ 20 సార్లు తిరుగుతుంది, ఫ్రేమ్‌రేట్ (సెకనుకు ఎన్ని ఫ్రేములన్నది) నిలకడ 97 శాతం ఉంటేనే పాస్. ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌తో మెమరీ పరీక్ష గంటసేపు, అందులో ఒక్క ఎర్రర్ వచ్చినా ఒప్పుకోలేదు. ఫర్‌మార్క్ అనే ఇంకో పరీక్షను వేడి చూడ్డానికి మాత్రమే వాడాడు. అది కార్డును పవర్ లిమిట్‌కు, అంటే కార్డు వాడుకోగల కరెంటు హద్దుకు, నెట్టేస్తుంది, క్లాక్ దానంతటదే కిందికి వస్తుంది, కాబట్టి పై క్లాకులు అందులో పరీక్షకే రావు.

ఇవన్నీ పాసయ్యాక కూడా కార్డు ఒకసారి క్రాష్ అయింది. అదీ ఎక్స్‌పోర్ట్‌లో కాదు, ఊరికే టైమ్‌లైన్ ముందుకూ వెనక్కూ జరుపుతుంటే. నేను హడలిపోయాను. తమ్ముడు మాత్రం దీనికోసమే ఎదురుచూస్తున్నట్టు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కార్డు లోపల ఏ వోల్టేజీకి ఏ క్లాక్ అని ఒక వరుస ఉంటుంది. మనం ప్లస్ 100 పెడితే వరుస మొత్తం అంత పైకి జరుగుతుంది. బరువు పని పడితే పవర్ లిమిట్ అడ్డొచ్చి కార్డు వరుస మధ్యలోనే ఆగుతుంది. తేలిక పనిలో అడ్డేమీ లేదు, ఒక్కసారిగా వరుస చివరకు ఎక్కుతుంది, అక్కడ పడిపోతుంది. స్ట్రెస్ టెస్టులు ఎన్ని పాసైనా మన రోజువారీ పని చేసి చూడాల్సిందే అన్నది ఇందుకే.

అప్పుడు నన్నే నిర్ణయించమన్నాడు. గేమ్ ఆడేవాళ్లకు క్రాష్ అయితే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. నా దగ్గర ఉన్నవి ఇంకొకళ్ల ఇంటి తలంబ్రాలు. వేగం వద్దు, నమ్మకం చాలు అన్నాను. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి ఆ వోల్టేజీ వరుసను గీతగా తెరిచాడు. 900 మిల్లీవోల్టుల దగ్గర 1860 మెగాహెర్ట్జ్ పెట్టి, కార్డు అంతకు మించి ఎక్కకుండా ఆ పైన గీతను సమంగా చేసేశాడు. మెమరీ ప్లస్ 400 దగ్గరే ఆపాము. లోడ్‌లో 170 వాట్లు తాగే కార్డు ఇప్పుడు 130 చుట్టూ తిరుగుతోంది, వేడి 64 డిగ్రీలు. పరకాల వీడియోకు ముందు 41 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 39. రెండు నిమిషాలే, కానీ మధ్యాహ్నం ఎక్స్‌పోర్ట్ పెట్టి కాసేపు కన్ను మూయగలుగుతున్నాను. వారం రోజులు గడిచాకే విండోస్‌తో పాటు ఆ సెట్టింగ్ దానంతటదే వచ్చేలా టిక్ పెట్టనిచ్చాడు. అంతకుముందే పెట్టి ఉంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు కంప్యూటర్ మొదలైన ప్రతిసారీ అదే తప్పు వెంటపడేదట.

పరకాల పెళ్లికూతురి నాన్నగారికి జరిగింది దాచకుండా ఫోన్‌లో చెప్పాను. "తొందరేం లేదు బిడ్డా, మంచిగ చెయ్" అన్నారు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం దిగింది. ఆయనకు రుణపడి ఉంటాను. వీడియో ఇచ్చేముందు మా ఆయనా నేనూ మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూశాము. తలంబ్రాల దగ్గర ఇద్దరం ఊపిరి బిగబట్టాము. ఎక్కడా ఒక్క గడి లేదు.

తమ్ముడూ, నీ పేరు రాయొద్దన్నావు కాబట్టి రాయలేదు. కవరు ఇస్తే మా పాప పుస్తకంలో పెట్టి వెళ్లావు, నాకు రాత్రికి గానీ తెలియలేదు. పరీక్షలు అయిపోగానే అమ్మను తీసుకుని భోజనానికి రా. వచ్చే మాఘంలో మీ అక్క పెళ్లి అని ఒకసారి మాటల్లో అన్నావు. ముహూర్తం కుదరగానే మొదట మాకు చెప్పు. ఆ రోజు వేరే షూటింగ్ ఏదీ ఒప్పుకోవద్దని మా ఆయనకు ఇప్పటికే చెప్పి పెట్టాను.