ఊదారంగుకు తిరిగిన ఫిల్ములు మారుస్తున్నాం

మా చేత ఆఫీసు అద్దాలకు ఫిల్ము వేయించుకున్న వారందరికీ,

పడమటి వైపు వేసిన కొన్ని ఫిల్ములు ఊదారంగుకు తిరిగాయి. సెరామిక్ (వేడిని ఆపే పింగాణీ రేణువుల ఫిల్ము) అని లేబులున్న రోల్‌లో వచ్చింది డై ఫిల్ము, అంటే ఉత్త రంగు అద్దినది. ఎండలోని యూవీకి డై విరిగిపోతుంది. అందులోని రంగులన్నీ ఒకే వేగంతో వెలిసిపోవు కాబట్టి మిగిలినవి కలిసి ఊదాగా కనిపిస్తాయి. రోల్ విప్పినప్పుడే పట్టుకోవాల్సింది, పట్టుకోలేదు. తప్పు మాది.

సప్లయర్ మాత్రం అద్దం తుడిచే మందు మీదికి, మా కుర్రాళ్ల చేతిపని మీదికి నెట్టాడు. ఆ మాట మాకు మింగుడుపడలేదు. అదే ఫిల్ము, అదే మందు, అదే చేతులు; ఎండ అంతగా తగలని ఉత్తరపు అద్దాల మీద రంగు చెక్కుచెదరలేదు మరి! అతని దగ్గర ఇక అడుగు ఫిల్ము కూడా కొనం. ఇప్పుడు ప్రతి రోల్ నుంచి ఒక ముక్క కోసి ఇన్‌ఫ్రారెడ్ బల్బు ముందు పట్టి, వెనక చెయ్యి పెట్టి చూస్తున్నాం. డై ఫిల్ము వెలుతురును తగ్గిస్తుంది గానీ వేడిని చాలావరకు వదిలేస్తుంది, చెయ్యి చురుక్కుమంటుంది. కావాలంటే మీ ఎదుటే చేసి చూపిస్తాం.

ఎలాగూ మారుస్తున్నారు కదా, 35 (అంటే 35 శాతం వెలుతురు వదిలే ఫిల్ము) బదులు ఇంకా నల్లగా ఉండే 20 వేయండి అని చాలామంది అడుగుతున్నారు. ఎక్కువ తర్జనభర్జన పడింది దీని మీదే. అద్దం 70 శాతం వెలుతురు వదిలేదైతే, 35 ఫిల్ముతో గదిలోకి వచ్చేది సుమారు 25 శాతం, 20తో 14 శాతం. అప్పుడు లోపలి వరసల వాళ్లు పట్టపగలే లైట్లు వేసుకోవాలి. అంత చేసినా, సాయంత్రం సూర్యుడు నేరుగా కంట్లో పడే వేళ 5 శాతం ఫిల్ము కూడా చాలదు. అందుకని 35 వేస్తాం, ఆ వేళకు రోలర్ బ్లైండ్ దించుకోండి. మానిటర్‌కు కిటికీ ఎదురుగానో వెనకగానో కాక పక్కకు ఉండేలా బల్ల తిప్పండి.

లోపల తీగవల ఉన్న అద్దానికి నల్ల ఫిల్ము అడిగితే మాత్రం ఆర్డరు పోయినా వేయం. మధ్యభాగం వేడెక్కి, ఫ్రేములో దాగిన అంచు చల్లగా ఉండిపోతే అంచు నుంచి పగులు పాకుతుంది.

మార్పిడికి పైసా తీసుకోం. కొత్త ఫిల్ము కింద నీటి మసక నెలదాకా కనిపించవచ్చు, ఆరితే పోతుంది. అంతవరకు రుద్దకండి, అమోనియా ఉన్న మందు ఎప్పుడూ వాడకండి. అంచున కనిపించే 1-2 మిల్లీమీటర్ల సందు కావాలని వదిలిందే. మేము వచ్చేలోపు కిటికీ దగ్గరి బల్లలు 3 అడుగులు వెనక్కి జరిపి ఉంచండి, సబ్బునీళ్లు చిందుతాయి.