ఎర్రగా కనబడిందని కత్తి తీయకు

ఒరేయ్ పుర్రెగా,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు నాలుగు తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, డ్యూటీలు మామూలే, మిగతా కబుర్లు తర్వాత. నీ ఉత్తరం చివర్లో తాపీగా పడేసిన ఆ ఒక్క ముక్క చదివాక కాలు నిలవడం లేదు. నీ పేషెంటు కర్ణభేరి వెనక ఎర్రగా కొట్టుకుంటోందా? గ్లోమస్‌లా, అదే రక్తనాళాలతో నిండిన గడ్డలా ఉంది, చిన్న ముక్క తీసి బయాప్సీ చేద్దామా అంటావా? వద్దురా బాబూ! సూది కూడా గుచ్చకు.

గ్లోమసే అయినా బయాప్సీ పనికిరాదు, అదీ రక్తం కక్కే గడ్డే. కానీ అది సాక్షాత్తూ మెదడుకి రక్తం మోసే ధమని, ఇంటర్నల్ కెరోటిడే అయితే? అరుదే, కాదనను. పిండదశలో మెడలోని ఇంటర్నల్ కెరోటిడ్ సరిగా ఏర్పడకపోతే, మధ్యచెవికి వెళ్లే సన్నటి ధమని ఇన్ఫీరియర్ టింపానిక్ ఆర్టరీ లావెక్కి ఆ బరువంతా నెత్తినేసుకుంటుంది. హైవే మూసేస్తే లారీలన్నీ పక్క సందులో పడ్డట్టు. మధ్యచెవిలోకి దూరి, దాని లోపలి గోడ మీది ఉబ్బు, ప్రొమాంటరీ మీదుగా ముందుకు పాకి, లోపలిచెవిని దాచుకున్న పీట్రస్ ఎముకలోని అడ్డకాలువలో మళ్లీ అసలు దారి పడుతుంది. కనబడేది ఎక్కడనుకున్నావ్? ముందు-కింది భాగంలో. కర్ణభేరిలో గ్రొమెట్ అనే చిన్న గొట్టం వెయ్యడానికి గాటు పెట్టే చోటే!

చెవిలో గుండె చప్పుడు, కాస్త వినికిడి తగ్గడం... రెండిట్లోనూ ఇవే లక్షణాలు. గాలి ఒత్తిడి పెడితే పాలిపోయిందని గ్లోమస్ అని తేల్చెయ్యకు. ముందు చెవి చుట్టూ ఉండే ఎముకకి, అదే టెంపొరల్ బోన్‌కి సీటీ తీయించు. 0.6 మి.మీ. స్లైసులు, ఎముక స్పష్టంగా కనబడే బోన్ విండో. కాంట్రాస్ట్ మందు ఎక్కించకున్నా చాలావరకు తేలిపోతుంది. ముఖానికి సమాంతరంగా కోసినట్టుండే కరోనల్ స్లైస్ ఒక్కటి చూసి ఆగిపోతే ప్రొమాంటరీ మీద గుండ్రని గడ్డే కనబడుతుంది, మోసమంతా అక్కడే. అడ్డంగా కోసినట్టుండే యాక్సియల్‌లో కింది నుంచి పైకి జరుపుతూ చూడు. కెరోటిడ్ కాలువ నిలువు భాగం ఉందా? లేకుండా, పుర్రె అడుగున జుగులర్ సిర దిగే రంధ్రం, జుగులర్ ఫొరామెన్ పక్కనుంచి గొట్టంలా ఏదో చెవిలోకి ఎక్కి ముందు కెరోటిడ్‌లో కలిస్తే ఇంకేం అనుమానం లేదు. గ్లోమస్ అయితే ప్రొమాంటరీని అంటిపెట్టుకునే ఉంటుంది, కెరోటిడ్ కాలువ ఎముక చెక్కుచెదరదు.

అన్నట్టు మిడిల్ మెనింజియల్ ఆర్టరీ పుర్రెలోకి దూరే రంధ్రం, ఫొరామెన్ స్పైనోసమ్ కూడా చూడు. ఆ పక్క అది లేకుండా, ఫేషియల్ నెర్వ్ కాలువ టింపానిక్ భాగం వెడల్పుగా ఉంటే పిండదశలోనే మాయమవ్వాల్సిన స్టేపిడియల్ ఆర్టరీ మిగిలిపోయినట్టే. 1836లోనే హిర్టిల్ వర్ణించాడు దాన్ని. చెవిలోని చిట్టి ఎముక స్టేపిస్ రెండు కాళ్ల మధ్యనుంచి దూరిపోతుంది. ఆ ఎముక తీసే ఆపరేషన్, స్టేపెడెక్టమీకి దిగినవాడికి చెమటలే. స్పైనోసమ్ లేనంతమాత్రాన తీర్పు చెప్పకు, ఆ మెనింజియల్ ఆర్టరీ కంటి ధమని ఆఫ్తాల్మిక్ నుంచి పుట్టినా ఆ రంధ్రం ఉండదు.

ఎరుపు కాక నీలంగా, వెనక-కింద ఉంటే జుగులర్ బల్బు, అంటే జుగులర్ సిర పైకొచ్చిన ఉబ్బు. మన "నీలి బల్బు" వ్యవహారం ఇక ఎత్తనులే!

ఒకవేళ ఎవరైనా ఆ కెరోటిడ్‌ని కోసేస్తే చెవి గట్టిగా ప్యాక్ చెయ్యాలి. రక్తం యూస్టేషియన్ గొట్టంలోంచి గొంతులోకి దిగుతుంది, అందుకని శ్వాసమార్గం కాపాడుకోవాలి. ఆపైన నేరుగా రక్తనాళాల ఫొటో తీసే యాంజియోగ్రఫీకే. రక్తం ఆగిందని ఇంటికి పంపేస్తే తర్వాత తెగిన చోట ఏర్పడే రక్తపు బుడగ, సూడో ఎన్యూరిజమ్ పగలొచ్చు. కెరోటిడ్‌ని మూసెయ్యాల్సొస్తే ముందు బెలూన్‌తో పరీక్షించకుండా... అబ్బా, పిలుస్తున్నారు. సీటీ ఫిల్ములు కాదు, మొత్తం సీడీ పంపు. ఈలోగా ఆ చెవి జోలికి

వెళ్లావో, చూడు!

నీ
బల్బుగాడు