పాత జపాన్ బళ్ళున్నవాళ్ళు కార్బ్ విప్పేముందు ఇది చూడండి
అందరికీ నమస్తే, ఈ మధ్య గ్రూప్‌లో కార్బ్యురేటర్లు సొంతంగా విప్పుతున్నవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి చెప్తున్నా. కార్బ్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె, అదే ఫ్లోట్ బౌల్, దాని స్క్రూలు మామూలు స్టార్ స్క్రూల్లాగే కనిపిస్తాయి గానీ కావు, అవి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూలు, చాలావాటికి తలమీద చిన్న చుక్క ఉంటుంది చూడండి. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా తిప్పారంటే మొన జారి పైకి లేచి తల అరిగిపోద్ది, ఇక డ్రిల్లింగే గతి. జేఐఎస్ బిట్లు కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు.

ఇంకోటి, నెలల తరబడి ఆపేసిన బండి చోక్ మీద స్టార్టయి చోక్ తీయగానే ఆగిపోతుంటే ముందు పైలట్ జెట్ (బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు పెట్రోల్ అందించే చిన్న ఇత్తడి ముక్క) తీసి వెలుతురుకి పట్టుకోండి, సన్న రంధ్రం కనపడాలి, కనపడలేదంటే పాత పెట్రోల్ జిగురై పట్టేసినట్టే. తీగతో మాత్రం పొడవొద్దు ప్లీజ్, ఇత్తడి మెత్తన, రంధ్రం సైజు మారిపోద్ది. కార్బ్ క్లీనర్ కొట్టి గాలి పెట్టండి.

1969లో వచ్చిన హోండా సీబీ750 లాంటి నాలుగు సిలిండర్ల బళ్ళకైతే నాలుగు కార్బులు, బిగించాక సింక్ చేయాల్సిందే, అంటే నాలుగూ ఒకేలా పనిచేసేలా సర్దాలి, టైం పడుతుంది, కానీ నాలుగూ కుదిరాక ఆ ఐడిల్ సౌండ్ వింటుంటే ఎంత బాగుంటదో. డౌట్లుంటే మోడల్, సంవత్సరం, స్పార్క్ ప్లగ్ ఫోటో పెట్టండి.